దగ్గరికేసిన తలుపు

పుంగనూరులో తెల్లవారితే యశోదమ్మకు మొదటి భయం వీధి కొళాయి. కూతురు రెడ్డెమ్మ బిందె తీసుకుని బయలుదేరితే, ఆ పిల్ల తిరిగి వచ్చేదాకా ఆమె వాకిట్లోనే నిలబడి ఊడ్చిన చోటే మళ్ళీ ఊడుస్తూ ఉండేది. కొళాయి చుట్టూ రాతిగట్టు ఉంది. పిల్ల అక్కడ పడితే తల ఆ రాతికి కొట్టుకోదా? నిండు బిందె మీద పడితే? ఎదురుగా ఎద్దులబండి వస్తే? ఇన్నీ అనుకుని, రెడ్డెమ్మ చంకలో బిందెతో మలుపు తిరిగి కనబడగానే, ఏమీ అనుకోనట్టు చీపురు మూలన పెట్టేది.

రెడ్డెమ్మ, లేకలేక కొండమీది అమ్మవారికి మొక్కుకుంటే పుట్టిన బిడ్డ. అందుకే ఆ తల్లి పేరే పెట్టుకున్నారు. పెద్దమనిషయిన ఏడాది నుంచి ఆమెకు మూర్ఛలు మొదలయ్యాయి. అప్పటి నుంచి వీధి వీధంతా ఆ పిల్లను కనిపెట్టుకుని ఉండేది. ఎక్కడ పడినా ఎవరో ఒకరు పరుగెత్తి వచ్చి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, మూతి నురుగు తుడిచి, పిడికిట్లో ఇనుప తాళంచెవి పెట్టేవారు. ఇనుము పట్టుకుంటే మూర్ఛ దిగుతుందని అందరి నమ్మకం. పక్కింట్లో పరుపులు కుట్టే బాబు సాహెబ్ భార్య రహీమున్నీసా అయితే, ఇందుకోసమే ఒక పాత చెవి మొలకు కట్టుకుని తిరిగేది. యశోదమ్మ కొంగున కూడా ఒకటి ఉండేది, ఇంటి తాళానిది, అరచేయంత పొడుగు.

ఆ వీధిలో తలుపులకు పగటిపూట గొళ్ళెం పడదు. ఇంట్లో ఒక మనిషిని వదిలి బయటికి వెళితే, తలుపు దగ్గరికేసి వెళతారు. దగ్గరికేసిన తలుపంటే లోపల మనిషి ఉంది, తోసుకుని రావచ్చు అని అర్థం. తాళం వేసేది అందరూ కలిసి ఊరికి పోయినప్పుడే.

అది ఎనభై ఆరో సంవత్సరం. ఒక ఉదయం కొడుకు మునిరత్నం చద్ది తింటూ మదనపల్లె మాట ఎత్తాడు. అతను అక్కడ లారీ ఆఫీసులో గుమాస్తా. రోజూ బస్సులో పోయి వస్తున్నాడు. మదనపల్లెలో కొత్తగా మూడంతస్తుల మేడ కట్టారని, అందులో ఒక్కొక్క ఇల్లు ఒక్కొక్కరికి అమ్ముతున్నారని, మెట్లూ మిద్దే నీళ్ళ తొట్టీ అందరికీ ఉమ్మడని, ఈ ఇల్లు అమ్మేసి అక్కడ ఒకటి తీసుకుందామని చెప్పాడు. అలాంటి వాటిని పుంగనూరులో పెట్టెలిండ్లు అని నవ్వుకునేవారు.

యశోదమ్మ కొడుకు చద్దిలోకి ఇంకాస్త మజ్జిగ పోసింది. తర్వాత అడిగింది.

"కింద నేల మనది కాదంట. పైన మిద్దె మనది కాదంట. మరి మనం కొనేది ఏందప్పా?"

"మధ్యలో ఉండేదమ్మా," అని మునిరత్నం నవ్వాడు.

ఆమెకు నవ్వు రాలేదు. తండ్రి లేని ఇల్లు, ఉన్న ఒక్క నీడా అమ్ముకుని గాలిలో వేలాడడం ఎందుకంది. పిల్ల మెట్ల మీద పడితే అంది. కొడుకు ఓపిగ్గా చెప్పాడు. అక్కడ మంచి డాక్టరు ఉన్నాడు, నడిచిపోయేంత దూరం. ఈ జబ్బుకు మందులున్నాయంట, నెలనెలా చూపించుకుంటే పిల్ల అందరిలా ఉంటుందంట. తాళంచెవులు పట్టుకుని ఎన్నాళ్ళు కూర్చుంటాం అన్నాడు. అది నిజమే.  అయినా యశోదమ్మ ఒప్పుకునేది కాదేమో, గోడవారగా కూర్చున్న రెడ్డెమ్మ నోరు విప్పకపోతే.

"పోదాం మా. ఈడ నేను కొళాయికాడికి పోతే సాలు, అందరూ బిందెలు పక్కకు జరుపుతారు. నేను పడితే దెబ్బ తగలకూడదని. మంచికే, నాకూ తెలుసు. కానీ ఒగ దినమన్నా ఎవురూ బిందె జరపకుండా నీళ్ళు పట్టుకోవల్లని ఉండాది."

ఆ మాట యశోదమ్మ గుండెలో గుచ్చుకుంది. ఆ ఆదివారమే ముగ్గురూ వెళ్ళి మేడ చూశారు.

ఇల్లు రెండో అంతస్తులో. యశోదమ్మ గదులు చూడలేదు, గండాలు చూసింది. బాల్కనీ గోడ పొట్టిగా ఉందని దాని మీద ఇనుప కమ్మీలు వేయించమంది. స్నానాల గది గడియ పీకించమంది, పిల్ల లోపల పడితే ఎట్లా తీసేదని. కిరసనాయిలు స్టవ్వు కింద పెట్టకుండా ఎత్తుగా గట్టు కట్టించమంది. మెట్ల అంచులు కాలితో తడిమి చూసింది. మేడ కట్టినతను ఆమె వెంట తిరిగి తిరిగి, నీకు ఇల్లు కావాల్నా కోట కావాల్నామ్మా అన్నాడు. మునిరత్నం అన్నిటికీ తలూపాడు. ఇక భయపడడానికి ఏమీ మిగల్లేదని తోచినప్పుడు, అదే ఆమెకు కొత్త భయమైంది.

బయలుదేరిన రోజు రహీమున్నీసా తన మొలలోని చెవి విప్పి యశోదమ్మ చేతిలో పెట్టింది. "ఇంగ నాకెందుకక్కా ఇది," అని లోపలికి వెళ్ళిపోయింది. ఇల్లు కొన్నవాళ్ళు కొత్త తాళం తెచ్చుకున్నారు కాబట్టి పాత ఇంటి చెవి కూడా యశోదమ్మ దగ్గరే ఉండిపోయింది. రెంటినీ కొంగున ముడి వేసుకుంది.

కొత్త ఇంట్లో సామాను దించిన రోజే మునిరత్నం తల్లిని వంటగదిలోకి పిలిచి, గొంతు తగ్గించి ఒక మాట అడిగాడు. చెల్లెలి జబ్బు సంగతి ఈ మేడలో ఎవరికీ చెప్పొద్దన్నాడు. కుప్పంలో తనకొక సంబంధం మాట నడుస్తోంది. అమ్మాయి తండ్రి నల్లప్ప మంచివాడే కానీ, మూర్ఛలున్న ఇంటికి పిల్లనిస్తే రేపు పుట్టే బిడ్డలకు వస్తుందని భయపడే మనిషి. ఇంతకుముందు రెండు సంబంధాలు పుంగనూరు వీధిలో విచారించుకునే వెనక్కి పోయాయి.

"అంటే డాక్టరు కోసరం కాదా మనం వచ్చింది?" అంది యశోదమ్మ.

"డాక్టరు కోసరమే మా. దీనికి గూడా." అతను తల దించుకుని గోడకు మేకు కొడుతూ ఉన్నాడు. "నాకూ ముప్పై దాటుతా ఉండాయి."

కొడుకు ముఖం చూస్తే ఆమెకు జాలేసింది. సరేనంది.

మందులు పనిచేశాయి. ముందు వారానికొకసారి వచ్చేది తర్వాత నెలకొకసారి అయింది. వచ్చినప్పుడు యశోదమ్మ గబగబా గడియ వేసి, మడమలు నేలకు కొట్టుకునే చప్పుడు కిందింటికి వినబడకుండా పిల్ల కాళ్ళ కింద బొంత తోసి, రేడియో గట్టిగా పెట్టేది. పిడికిట్లో చెవి పెట్టి, కళ్ళు తెరిచేదాకా తల నిమిరేది. ఆ డాక్టరు, ఇనుముతో ఏమీ కాదమ్మా, పక్కకు తిప్పి పడుకోబెట్టు చాలు అని చెప్పాడు. ఆమె రెండూ చేసేది.

రెడ్డెమ్మ మాత్రం మారిపోయింది. ఎదురింటి జయమ్మ ఆమెను పేరు పెట్టి పిలిచేది. ఊలు అల్లడం నేర్పించమని మధ్యాహ్నాలు వచ్చి కూర్చునేది. జయమ్మ భర్త బైరప్ప టమోటా మండీలో పనిచేసేవాడు. సగం మాగిన టమోటాలు గంపలో తెచ్చి రెడ్డెమ్మకే ఇచ్చేవాడు, మా ఇంట్లో దానికి పచ్చడి చేసేది రాదు అని భార్యను ఉడికిస్తూ. కింద తొట్టి దగ్గర రెడ్డెమ్మ వంతు వస్తే ఎవరూ బిందె జరిపేవారు కాదు. పైగా, త్వరగా పట్టుకోమ్మా అని కసురుకునేవారు. ఆ కసురు విని వచ్చిన రోజు ఆమె ఎంత నవ్విందో యశోదమ్మ చాలా రోజులు మరచిపోలేదు. ఇది ఎన్నాళ్ళుంటుందోనని ఆ నవ్వుకు కూడా భయపడింది.

కుప్పం వాళ్ళు ఇల్లు చూసుకోవడానికి వస్తామని కబురు పెట్టారు. వాళ్ళు వచ్చే ముందురోజు సాయంత్రం మునిరత్నం తలుపుకు కొత్త తాళం బిగించాడు. పెద్దింటి వాళ్ళ తలుపులకు ఉండేలాంటిది, ఇత్తడిది. తలుపు లాగితే చాలు, దానంతట అదే పడుతుంది, బయటి నుంచి చెవి లేనిదే రాదు అని తల్లికి చూపించాడు. చెవులు రెండు, వేలెడంతవి. ఒకటి లోపల మేకుకు తగిలించాడు, ఒకటి తన జేబులో వేసుకున్నాడు. దొంగల భయం తీరిందిలే అనుకుంది యశోదమ్మ. అన్ని గండాలూ తడిమి చూసిన ఆ మనిషికి దీని మీద మాత్రం ఏ అనుమానమూ రాలేదు.

మరునాడు పొద్దున మునిరత్నం ఆఫీసులో ఒక పూట సెలవు చెప్పి, అట్నుంచి బస్టాండుకు వెళ్ళాడు. రెడ్డెమ్మ జడ వేసుకుని, కాఫీకి స్టవ్వు మీద పాలు పెట్టింది. పెళ్ళిచూపులు నీకా మీ అన్నకా అని తల్లి అంటే, అన్నకేలే, నన్ను ఎవరు చూస్తారు అని నవ్వింది. ఆ పొద్దున మాత్ర వేసుకోవడం ఇద్దరూ మరచిపోయారు. గ్లాసులు చాలవని యశోదమ్మకు అప్పుడు గుర్తుకొచ్చింది. పుంగనూరులో అయితే రహీమున్నీసా ఇంటికి పోయి తెచ్చుకునేది. ఇక్కడ జయమ్మ ఉంది కదా అనుకుని బయటికి వచ్చి, లోపల మనిషి ఉంది కాబట్టి, ఎప్పటి అలవాటుగా తలుపు దగ్గరికేసింది.

వెనక టక్కుమంది. ఆమె పట్టించుకోలేదు.

జయమ్మ ఇచ్చిన గాజు గ్లాసులు పళ్ళెంలో పెట్టుకుని తిరిగి వచ్చి తలుపు తోసింది. రాలేదు. భుజంతో తోసింది. "రెడ్డెమ్మా" అని పిలిచింది. పలకలేదు. లోపల గరిటె పడిన చప్పుడు. ఆ వెంటనే ఇంకో చప్పుడు. ఒకే తీరుగా, టపటపమని. మడమలు నేలకు కొట్టుకునే చప్పుడు. ఆ చప్పుడు ఆమెకు నిద్రలో కూడా తెలుసు.

జయమ్మ తన గుమ్మంలోంచి తొంగి చూసి, ఏమైందని అడిగింది.

నిజం యశోదమ్మ నోటిదాకా వచ్చింది. అప్పుడే కింద మెట్ల మీద కొడుకు గొంతు, దాని వెంట కొత్త గొంతులు వినబడ్డాయి.

"ఏం లేదు జయమ్మా. నిద్రపోతాండాదేమో," అంది.

జయమ్మ, పిలవండి లెండి లేస్తుంది అని తలుపు వేసుకుంది. జరీ కండువాతో నల్లప్ప, అతని భార్య, వెనక మునిరత్నం మెట్లెక్కి వచ్చారు. యశోదమ్మ గ్లాసుల పళ్ళెం పట్టుకుని తలుపుకు అడ్డంగా నిలబడింది. చప్పుడు ఇంకా వస్తూనే ఉంది. మునిరత్నం ఒక్క మెట్టు కింద ఆగిపోయాడు. అతనికీ తెలిసింది. తల్లీ కొడుకూ ఒకరినొకరు చూసుకున్నారు.

"తలుపు పడిపోయిందప్పా," అంది ఆమె. "నీకాడ చెవి ఉండాది గదా?"

మునిరత్నం జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. చెయ్యి అక్కడే ఉంచి, తల్లి వైపు చూడకుండా అన్నాడు.

"ఆఫీసులో మర్సిపోయినాను మా."

లోపల ఏమి చప్పుడని నల్లప్ప అడిగాడు. పక్కింట్లో కారం దంచుతున్నారని మునిరత్నం చెప్పాడు. ఆఫీసుకు పోయి చెవి తెచ్చేలోగా మీకు కాఫీ ఇప్పిస్తాను, పదండి మామా అని వాళ్ళను కిందికి తీసుకుపోయాడు. నల్లప్ప భార్య దిగుతూ దిగుతూ వెనక్కి తిరిగి, పాపం గ్లాసులు కూడా తెచ్చిపెట్టుకున్నారే అంది.

వాళ్ళ అడుగులు వినబడనంత దూరం పోయాక చప్పుడు ఆగింది. ఆగింది కదా, ఇక లేస్తుంది అనుకుంది యశోదమ్మ. తలుపు సందులోంచి పాలు మాడిన వాసన వచ్చింది. ఆ వాసన వెనక కిరసనాయిలు వాసన. ఆమె పళ్ళెం వదిలేసింది. గ్లాసులు పగిలి మెట్ల మీదంతా చెదిరిపోయాయి. కొంగు ముడిలోని ఇనుప చెవులు తీసి, ఏ చెవికి ఏ తాళమో కూడా తోచక, ఆ చిన్న ఇత్తడి కంతలో గుచ్చుతూ పోయింది. అవి ఆ కంతలో ఎట్లా పడతాయి?

"జయమ్మా, నా బిడ్డకి మూర్ఛలుండాయి," అని అరిచింది. "లోపల పొయ్యి వెలుగుతా ఉండాది."

మూడంతస్తుల తలుపులూ అప్పుడు తెరుచుకున్నాయి. బైరప్ప కింది నుంచి గడ్డపార తెచ్చి తలుపు పెకలించాడు. రెడ్డెమ్మ స్టవ్వు గట్టు పక్కన పడి ఉంది. పొంగి కారిన పాలు ఎడమ చెంప మీదుగా మెడ మీదికి, చేతి మీదికి ఒలికిపోయి ఉన్నాయి. ఆమె కోసమని ఎత్తుగా కట్టించిన గట్టు కాబట్టి, పాలు కూడా అంత ఎత్తు నుంచే పడ్డాయి. ఆమె పిడికిలి ఖాళీగా బిగుసుకుని ఉంది.

ప్రాణం పోలేదు. పెద్దాసుపత్రిలో కట్లు కట్టి, ఎడమ కన్ను కనబడదని చెప్పారు. మునిరత్నం వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. చెవి దొరకలేదని చెప్పి కుప్పం వాళ్ళను బస్సెక్కించి, ఇంటికి వెళ్ళి, విరిగిన తలుపు చూసి పరుగెత్తుకొచ్చాడు. చెల్లెలి మంచం పక్కన నిలబడి, ముఖం తుడుచుకోవడానికి జేబులోంచి రుమాలు లాగాడు. దాంతోపాటు ఏదో కిందపడి గచ్చు మీద టింగుమంది.

యశోదమ్మ వంగి తీసింది. వేలెడంత ఇత్తడి చెవి.

ఆమె దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. కొడుకు గోడకు ఆనుకుని అట్లాగే కిందికి జారి కూర్చున్నాడు.

"ఎప్పుడూ దానంతట అదే తగ్గిపోతాది గదా మా," అన్నాడు.  "కొంచేపే గదా, అంతలోపల వాళ్ళని కిందికి దించుకోని పోతే సాలనుకుంటి. పొయ్యి మీద పాలుండేది నాకు తెలీదు."

ఎన్నో మాటలు అనాలని ఆమె నోరు తెరిచింది. ఇంట్లో పుట్టినదాన్ని తలుపు అవతల వదిలేసి కాఫీకి ఎట్లా పోయినావు అని అడగాలనుకుంది. కానీ ఆ మాట తన వైపే తిరిగి చూసింది.

"నాకు తెలుసునప్పా," అంది. "పాలుండేది నాకు తెలుసు. అయినా జయమ్మ అడిగితే నిద్రపోతాండాది అంటి."

ఇద్దరూ ఆ మంచం పక్కన, గచ్చు మీద కూర్చుని ఏడ్చారు. పైన రెడ్డెమ్మ మెలకువగా ఉందో లేదో ఇద్దరూ చూడలేదు. ఆమె ఒక చెయ్యి మంచం పక్కకు వేలాడి ఉంది. కాసేపటికి ఆ చెయ్యి తడుముకుంటూ వచ్చి అన్న తల మీద పడి, అక్కడే ఉండిపోయింది.

రహీమున్నీసా పుంగనూరు నుంచి బస్సులో వచ్చింది. పిల్ల ముఖం చూసి మంచం పట్టెకు తల ఆనించింది. ఆడనే ఉండుంటే అని ఆమె అనలేదు. అననందుకు యశోదమ్మకు ఇంకా ఎక్కువ ఏడుపొచ్చింది. వెనక్కి పోవడానికి ఇల్లు లేదని, కొన్నవాళ్ళు ముందు వసారా పడగొట్టి అంగడి కడుతున్నారని మాటల మధ్య తెలిసింది.

కుప్పం నుంచి కబురు వచ్చింది. మేడ బయటి నుంచి చూసినా బాగుంది, పిల్లవాడు మర్యాదస్తుడు, ముహూర్తం పెట్టుకుందామని. వాళ్ళకు ఏమీ తెలియలేదు. మునిరత్నం ఆ మరునాడే తానే కుప్పం వెళ్ళాడు. ఏమి చెప్పాడో, వాళ్ళేమన్నారో ఇంట్లో చెప్పలేదు. తిరిగి వచ్చి చొక్కా విప్పి మేకుకు తగిలిస్తూ, "అయిపోయింది మా," అన్నాడు. యశోదమ్మ అన్నం పెట్టింది.

బాగుచేయించిన తలుపుకు అతను ఆ తాళం మళ్ళీ బిగించలేదు. అది ఉన్న చోట గుండ్రటి కంత మిగిలిపోయింది. యశోదమ్మ ఆ కంతలోంచి ఒక దారం దూర్చి, రహీమున్నీసా ఇచ్చిన ఇనుప చెవి బయటివైపు వేలాడదీసింది. ఎవరు వచ్చినా తీసి పిల్ల పిడికిట్లో పెట్టడానికి వీలుగా. తర్వాత మేడలో ఒక్కొక్క తలుపూ తట్టి చెప్పింది. నా బిడ్డ యాడన్నా పడిపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టండమ్మా, అంతే సాలు అని. కొందరు విన్నారు. కొందరు తలుపు సగమే తీశారు. ఇది అంటుకునేది కాదు కదా అని ఒకామె అడిగింది. మేడ సంఘం పెద్ద మాత్రం, తలుపు తెరిచి పెట్టుకోకండి, దొంగలు పడితే అందరికీ నష్టం అన్నాడు.

జయమ్మ ఒకసారి పళ్ళు తెచ్చి ఇచ్చింది. లోపలికి రాలేదు. ఊలు అల్లిక సగంలో ఉంది కదా అని రెడ్డెమ్మ అంటే, ఇప్పుడు తీరడం లేదమ్మా అంది. కింద తొట్టి దగ్గర మళ్ళీ బిందెలు జరుగుతున్నాయి. పుంగనూరులో దెబ్బ తగలకూడదని జరిపేవారు. ఇక్కడ మనుషులు కూడా బిందెలతో పాటు జరిగేవారు.

ఒక సాయంత్రం రెడ్డెమ్మ కట్లు విప్పిన ముఖాన్ని కంత ఉన్న తలుపు వైపు తిప్పి కూర్చుని ఉంది. మెట్ల దీపం వెలుగు ఆ కంతలోంచి వచ్చి గచ్చు మీద రూపాయి బిళ్ళంత పడింది. ఎవరో మెట్లెక్కుతున్న అడుగులు వినబడ్డాయి. వాళ్ళ గుమ్మం దగ్గర కొంచెం మెల్లగా అయి, మళ్ళీ వడిగా పైకి వెళ్ళిపోయాయి.

"ఇప్పుడు అందరికీ తెలుసు గదా మా," అంది రెడ్డెమ్మ.

"తెలుసు తల్లీ."

"అయినా ఎవురూ రారే."

 తెలిస్తే వస్తారని యశోదమ్మ ఇన్నాళ్ళూ అనుకుంది. పుంగనూరు వీధిలో వాళ్ళు తెలిసి వచ్చినవాళ్ళు కారు, ఏళ్ళ తరబడి వస్తూ పోతూ ఉన్నవాళ్ళు. అది ఇల్లుతో పాటు అమ్మేశామని అప్పుడు ఎవరికీ తట్టలేదు. ఆమె లేచి కొంగుతో కూతురి కంటి కింద తడి తుడిచింది. రెండో కన్ను వైపు చెయ్యి వెళ్ళి ఆగిపోయింది.

మునిరత్నం వచ్చాడు. చెప్పులు విడిచి, లోపలికి పోకుండా గుమ్మంలోనే చాప పరిచాడు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు నుంచీ అతను అక్కడే తింటున్నాడు, అక్కడే పడుకుంటున్నాడు. అన్నా, నడుము నొప్పి పుడుతుంది లోపలికి రా అని రెడ్డెమ్మ పిలిచింది. అతను రానని తలూపి, వీపును తలుపుకు ఆనించి కూర్చున్నాడు, అది దగ్గరికి పడకుండా.